నడిసముద్రంలో రెండు లెక్కలు

1969 జూలై 10న అట్లాంటిక్ మహాసముద్రంలో వెళ్తున్న పికార్డీ అనే బ్రిటిష్ తపాలా ఓడకు దారిలో ఒక తెరచాప పడవ కనిపించింది. వెనుక కొయ్యకున్న ఒక్క చాప మీదే అది మెల్లగా సాగుతోంది. ఓడ ఎన్నిసార్లు కూత వేసినా పలికే నాథుడు లేడు. ఓడవాళ్లు చిన్న పడవ దించుకుని వెళ్లి ఎక్కి చూశారు. లోపల మనిషి లేడు. సింకులో కడగని పాత్రలున్నాయి. రేడియో భాగాలు విప్పి పరిచి ఉన్నాయి. ఆపదలో దిగాల్సిన రక్షణ తెప్ప కట్టిన చోటే ఉంది. లాగ్‌బుక్కులు మాత్రం ఎవరైనా వచ్చి చదవాలన్నట్టుగా కనబడేలా ఉన్నాయి.

ఆ పడవ పేరు టిన్‌మత్ ఎలక్ట్రాన్. అందులో ఒంటరిగా బయలుదేరిన మనిషి డొనాల్డ్ క్రౌహర్స్ట్. ఆయన పుట్టింది మన దేశంలోనే, 1932లో, ఘాజియాబాద్‌లో. తండ్రి ఇక్కడ రైల్వేలో పనిచేసేవాడు. భార్య, నలుగురు పిల్లలు ఇంగ్లండులో ఆయన కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన మాత్రం తిరిగి రాలేదు. దేహం కూడా దొరకలేదు.

నేను సముద్రం మీద వెళ్లినవాణ్ణి కాను. కాకినాడ రేవులో లాంచీ ఎక్కడమే నా నౌకాయానం. అయినా ఈ మనిషి కథ చదివినప్పటి నుంచి నన్ను వదలడం లేదు. ఎందుకో చెప్పే ముందు, నెలల తరబడి తెరచాప పడవలో బతకడమంటే ఏమిటో కొంత చెప్పాలి. అది తెలియకపోతే ఆయన ఎక్కడ తప్పిపోయాడో అర్థం కాదు.

తెరచాప పడవ అనగానే మనకు క్యాలెండర్ బొమ్మ గుర్తుకొస్తుంది. నీలి నీళ్లు, తెల్లని చాప, కుంగుతున్న సూర్యుడు. ఆ బొమ్మలో తడి కనిపించదు. ఉప్పునీటిలో ఒకసారి తడిసిన బట్ట ఎండలో వేసినా పూర్తిగా ఆరదు, ఎందుకంటే అందులో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్లీ లాక్కుంటుంది. పక్క తడి, దుప్పటి తడి, కూర్చునే చోటు తడి. వారం గడిచేసరికి కూర్చునే చోట పుండ్లు లేస్తాయి. గాలి ఒక పక్కనుంచే వీస్తుంది కాబట్టి ఇల్లంతా రోజుల తరబడి ఒకే పక్కకు ఒరిగి ఉంటుంది. అందుకని పొయ్యిని ఊయలలా వేలాడదీస్తారు, పడవ ఎటు ఒరిగినా గిన్నె నిలువుగా ఉండాలి కదా. పడుకునే బల్లకు పక్కన గుడ్డ కట్టుకుంటారు, లేకపోతే నిద్రలో కింద పడతారు. పైకి వెళ్లిన ప్రతిసారీ నడుముకున్న తాడును పడవకు తగిలించుకోవాలి. ఒంటరిగా ఉన్నవాడు కాలుజారి నీళ్లలో పడితే పడవ ఆగదు. చుక్కాని సరిచేసి పెట్టింది తానే కదా, అది తన దారిన తాను చక్కగా వెళ్లిపోతూనే ఉంటుంది.

మంచినీళ్లు లెక్క ప్రకారం తాగాలి. వాన పడితే చాపల మీదినుంచి కారే నీళ్లను బకెట్లలో పట్టుకోవాలి. మొదటి నీళ్లు ఉప్పగా ఉంటాయి కనుక పారబోయాలి. కోడిగుడ్లకు వాసెలిన్ పూసి పెడతారు, గాలి చొరకుండా. ఉల్లిగడ్డలూ బంగాళాదుంపలూ చాలా రోజులొస్తాయి గాని రోజూ చూసి కుళ్లినవి తీసేయాలి. తెల్లారేసరికి కొన్నిసార్లు ఎగిరే చేపలు పడవ మీద పడి ఉంటాయి, అది ఆనాటి ఫలహారం.

నిద్ర సంగతి ఇంకా కష్టం. నలుగురైదుగురు ఉంటే వంతులవారీగా కాపలా కాస్తారు. ఒంటరివాడికి ఆ భాగ్యం లేదు. ఓడల దారిలో ఉన్నప్పుడు కాసేపు కునుకు, లేచి నలుదిక్కులా చూడటం, మళ్లీ కునుకు. నిద్రలేమి ముదిరితే లేని మాటలు వినిపిస్తాయని, పడవలో మరో మనిషి ఉన్నట్టు అనిపిస్తుందని ఒంటరి నావికులు చాలామంది రాసుకున్నారు.

తుఫానే వీళ్లకు పెద్ద శత్రువు అనుకుంటాం. రోజూ పోరాడేది మాత్రం రాపిడితో. ఒక తాడు ఒకే కొయ్యను రేయింబవళ్లు రాసుకుంటూ ఉంటుంది. రోజుకు ఒక పోగు తెగుతుంది. పదోనాడు చిన్న గాలికే తాడు తెగిపోతుంది. అందుకే అనుభవం ఉన్న నావికుడు పొద్దున్నే పడవంతా ఒకసారి తిరిగి ప్రతి తాడునూ ముడినీ కుట్టునూ చేత్తో తడిమి చూస్తాడు. ఇక భూమధ్యరేఖ దగ్గర గాలే లేని చోట చాపలు వేలాడబడి పడవ రోజుల తరబడి కదలదు. ఆ నిశ్చలం మనిషి ఓర్పును తుఫాను కంటే ఎక్కువ పరీక్షిస్తుందని వాళ్లే అంటారు.

ఈ పనులన్నిటి మధ్య రోజూ తప్పకుండా చేసే పని మరొకటి ఉంది. అదే లాగ్‌బుక్ రాయడం. లాగ్ అంటే ఇంగ్లీషులో దుంగ. పూర్వం చెక్కముక్కకు ముడులు వేసిన తాడు కట్టి నీళ్లలో వేసేవారు. లెక్కపెట్టిన సమయంలో ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో అదే పడవ వేగం. నేటికీ ఓడ వేగాన్ని 'నాట్'లలో, అంటే ముడుల్లో చెప్పడం అక్కడినుంచి వచ్చిందే. ఆ చెక్క చెప్పిన లెక్కను రాసుకునే పుస్తకమే లాగ్‌బుక్.

ఉపగ్రహాలు దారి చూపని రోజుల్లో మిట్టమధ్యాహ్నం సెక్స్‌టాంట్ అనే పరికరంతో సూర్యుడి ఎత్తు కొలిచి, గడియారం చూసి, పట్టికలతో లెక్కవేసి, తాము ఎక్కడున్నారో చార్టు మీద చుక్క పెట్టుకునేవారు. గడియారం నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు, పక్కకు పోయినట్టే. మబ్బు పట్టి సూర్యుడు కనిపించకపోతే నిన్నటి చుక్క నుంచి ఎటువైపు, ఎంత వేగంతో, ఎన్ని గంటలు వచ్చామో లెక్కగట్టి నేటి చుక్క పెట్టాలి. నిన్నటిది తప్పైతే నేటిదీ తప్పే, రేపటిదీ తప్పే. కాబట్టి లాగ్‌బుక్ ఎవరికో చూపించడానికి రాసేది కాదు. రాసేవాడి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు క్రౌహర్స్ట్ దగ్గరికి వద్దాం. 1968లో సండే టైమ్స్ పత్రిక ఒక పందెం ప్రకటించింది. ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా, ఒంటరిగా తెరచాప పడవలో భూమి చుట్టి రావాలి. మొదట వచ్చినవారికి బంగారు గోళం. అందరికంటే తక్కువ రోజుల్లో వచ్చినవారికి 5,000 పౌండ్లు. జూన్ 1 నుంచి అక్టోబర్ 31 లోపల ఎప్పుడైనా బయలుదేరవచ్చు. అప్పటికి ఆ పని చేసినవారు ప్రపంచంలో ఒక్కరూ లేరు. తొమ్మిది మంది బయలుదేరారు. పూర్తి చేసింది ఒక్కరే.

ఆ ఒక్కరు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే సరకు ఓడల అధికారి, వయసు 29. ఆయన పడవ సుహైలీని కట్టింది బొంబాయిలో మన వడ్రంగులు, టేకు కర్రతో. పొడవు 32 అడుగులే. మిగతావారి పడవలతో పోలిస్తే నిదానమైనది, బరువైనది. గెలుస్తుందని ఎవరూ పందెం కాయని పడవ. 1968 జూన్ 14న ఫాల్మత్ రేవు నుంచి బయలుదేరింది మొదలు దానికి రోజూ ఏదో ఒకటే. అట్లాంటిక్‌లోనే అడుగున అతుకుల్లోంచి నీళ్లు రావడం మొదలైంది. ఆయన నీళ్లలోకి దిగి, ఊపిరి బిగబట్టి, అతుకుల్లో పీచు కుక్కి, గుడ్డ పరిచి మేకులు కొట్టాడు. ఆ పని మధ్యలో చుట్టూ తిరుగుతున్న సొరచేపను తుపాకితో కాల్చవలసి వచ్చింది. దక్షిణ సముద్రంలో ఒక కెరటం పడవను పక్కకు పడదోసింది, గది పైకప్పు కదిలిపోయింది. తొట్లలోని మంచినీళ్లు చెడిపోయాయి, ఇక వాననీళ్లే దిక్కు. మాట పంపే రేడియో చెడిపోయింది. ఆస్ట్రేలియా చేరేసరికి తనంతట తానే చుక్కాని తిప్పే పరికరం కూడా విరిగిపోయింది.

1968 నవంబరులో న్యూజిలాండ్ తీరంలో కనిపించిన మనిషి, మళ్లీ 1969 ఏప్రిల్‌లో అట్లాంటిక్‌లో ఒక ఓడకు కనిపించేదాకా బతికున్నాడో లేడో ఎవరికీ తెలియదు. ఆ నెలలన్నీ ఆయన చేసింది ఏమిటి? కారుతున్న నీళ్లు తోడటం, చిరిగిన చాప కుట్టడం, మధ్యాహ్నం సూర్యుణ్ణి చూసి చుక్క పెట్టడం. కొన్ని రోజులు పడవ ముందుకు పోలేదని రాశాడు, కొన్ని రోజులు తనకు మనసు బాగాలేదని రాశాడు. 1969 ఏప్రిల్ 22న, 312 రోజుల తర్వాత, బయలుదేరిన రేవుకే వచ్చి చేరాడు. సగటు వేగం గంటకు నాలుగు నాటికల్ మైళ్ల పైచిలుకు. సైకిలు మీద వెళ్లేవాడు ఆయన్ని దాటిపోతాడు.

క్రౌహర్స్ట్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథలు చెప్పేటప్పుడు మనం తొందరగా ఒకరిని అననీయ వరుసలో నిలబెడతాం. ఆయన తెలివైన ఎలక్ట్రానిక్ పరికరాల తయారీదారు. వ్యాపారం దెబ్బతిన్నది. ఈ పందెం గెలిస్తే నిలదొక్కుకుంటానని అనుకున్నాడు. పడవకు డబ్బు పెట్టిన వ్యాపారితో ఒప్పందం చేసుకుంటూ ఇల్లు కూడా తాకట్టు పెట్టాడు. మధ్యలో విరమిస్తే పడవను తానే కొనుక్కోవాలి, అంటే కుటుంబం వీధిన పడుతుంది. మూడు పడవలను పక్కపక్కన కలిపి కట్టినట్టుండే ఆ 40 అడుగుల పడవ పూర్తిగా తయారు కాలేదు. గడువు చివరి రోజైన అక్టోబర్ 31నే హడావిడిగా బయలుదేరాల్సి వచ్చింది. ముందు రోజు రాత్రి భార్య దగ్గర ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడట. ఆపమని తనను అడుగుతున్నాడని అప్పుడు తెలుసుకోలేకపోయానని ఆమె తర్వాత ఎంతో బాధపడింది.

రెండు వారాలకే పడవలోకి నీళ్లు రావడం మొదలైంది. తోడే గొట్టం ఒడ్డునే మరిచిపోయి వచ్చారు. నవంబర్ 15న ఆయన కూర్చుని ఉన్నదున్నట్టు ఒక జాబితా రాశాడు. ఏమేం పాడయ్యాయి, ఈ పడవతో దక్షిణ సముద్రంలోకి పోతే బతికే అవకాశం ఎంత? సగానికి సగం అని తానే లెక్కగట్టాడు. నిజాయితీగల నావికుడు రాయవలసిన రాత అది. అందులో తప్పేమీ లేదు. ఆ మాట ఒడ్డుకు చెప్పడం దగ్గరే ఆయన ఆగిపోయాడు. ఆ తర్వాత ఇంటివారితో రేడియో ఫోనులో మాట్లాడినప్పుడు కూడా తిరిగి వచ్చేస్తానన్న మాట నోట రాలేదు.

డిసెంబరులో రెండో లెక్క మొదలైంది. ఉన్న చోటు ఒకటి, చెప్పే చోటు ఒకటి. డిసెంబర్ 10న ఒక్కరోజులో 243 నాటికల్ మైళ్లు వచ్చానని తంతి పంపాడు. ఒంటరి నావికుల్లో అది రికార్డు. పత్రికలు పొంగిపోయాయి. ఆయన ప్రచార బాధ్యత చూసే పెద్దమనిషి తంతిలో ఉన్నదానికి ఇంకొంత కలిపి రాయించేవాడు. అంత వేగాన్ని అనుమానించినవారు లేకపోలేదు, వారి మాట ఎవరికీ రుచించలేదు. జనవరి మధ్య నుంచి ఆయన రేడియో మూగబోయింది. దక్షిణ సముద్రంలో ఉన్నాడని లోకం అనుకుంటుంటే, ఆయన దక్షిణ అట్లాంటిక్‌లోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు. మార్చిలో పడవ బాగుచేసుకోవడానికి అర్జెంటీనా తీరంలో ఒక చిన్న రేవులో రహస్యంగా దిగాడు కూడా. పందెం నియమాల ప్రకారం అక్కడితో ఆయన పోటీలో లేనట్టే.

ఈ అబద్ధానికి ఎంత శ్రమపడ్డాడో చూస్తే గుండె చెరువవుతుంది. తాను వెళ్లని సముద్రంలో ఏ రోజు ఎటు గాలి వీచిందో తెలుసుకోవడానికి దూర దేశాల వాతావరణ వార్తలు విని రాసుకున్నాడు. చూడని సూర్యుడి ఎత్తును వెనకనుంచి ముందుకు లెక్కగట్టాలి. అది మామూలు లెక్క కంటే ఎంతో కష్టం. నిజంగా భూమి చుట్టి వచ్చినవాడు చేసే లెక్కల కంటే చుట్టకుండా కూర్చున్నవాడు చేసే లెక్కలు ఎక్కువ. ఇంత చేస్తూనే తానెక్కడున్నాడో ఆ నిజమైన లెక్కను కూడా వేరుగా రాసుకుంటూ వచ్చాడు. రాయక తప్పదు. అబద్ధపు చార్టు పట్టుకుని ఎవరూ పడవ నడపలేరు.

ఆయన అనుకున్నది ఒకటి. ఆఖరున ఇల్లు చేరితే ఎవరూ తన లాగ్‌బుక్ జోలికి రారు, పరువు దక్కుతుంది, అప్పు తప్పుతుంది. కాని ఆ అబద్ధం మరో పడవను ముంచింది. పోటీలో మిగిలిన నైజెల్ టెట్లీ అనే నావికుడు క్రౌహర్స్ట్ వెనకనుంచి తరుముకొస్తున్నాడని నమ్మి, అప్పటికే శిథిలమైన తన పడవను ఆపకుండా తోలాడు. మే 21న, ఇల్లు ఇక 1,100 మైళ్ల పైచిలుకు దూరమే ఉందనగా, పడవ విచ్చిపోయి మునిగింది. ఆయన ప్రాణంతో బయటపడ్డాడు. అంటే, క్షేమంగా ఇల్లు చేరితే ఇక వేగం బహుమతి క్రౌహర్స్ట్‌దే. గెలిచినవాడి లాగ్‌బుక్‌ను నిపుణులు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తారు. ఊరు స్వాగత సన్నాహాల్లో మునిగిపోయింది. చివరి వారంలో ఆయన 25,000కు పైగా మాటలు రాశాడు, చాలావరకు మతి చెదిరిన మనిషి రాతలు. చివరి రాత జూలై 1న. పది రోజుల లోపే పికార్డీ ఓడకు ఖాళీ పడవ దొరికింది. అందులో ఆయన వదిలి వెళ్లిన లాగ్‌బుక్కుల్లో ఉన్నది నిజమైన దారి.

తప్పుడు లెక్కతో పోటీకి దిగిన ఆ మనిషి కుటుంబానికి తనకు వచ్చిన 5,000 పౌండ్లూ ఇచ్చేశాడు నాక్స్-జాన్‌స్టన్. భర్తను, తండ్రిని పోగొట్టుకున్న ఆ ఇంటికి ఆ డబ్బు దేనికి పనికొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

బైబిల్ చదివేవారికి సముద్రయానం అంటే అపొస్తలుల కార్యముల గ్రంథం 27వ అధ్యాయం గుర్తుకు రావాలి. పౌలును ఖైదీగా రోమాకు తీసుకెళ్లిన ఆ ప్రయాణంలో లూకా రాసింది ఒక విధంగా లాగ్‌బుక్కే. ఏ రేవులో ఓడ మారారో, ఊరకులోను అనే గాలి ఎక్కడ పట్టిందో, బుడుదు వేసి చూస్తే ముందు ఇరవై బారలు, కొంతదూరం పోయాక పదిహేను బారలు లోతు ఎలా తేలిందో, ఓడలో 276 మంది ఉన్నారనీ రాశాడు. స్కాట్లండుకు చెందిన జేమ్స్ స్మిత్ అనే ఆయన స్వయంగా తెరచాప పడవలు నడిపేవాడు. ఆయన 1848లో ఈ అధ్యాయం మీద ఒక పుస్తకం ప్రచురించాడు. కౌద అనే దీవి నుంచి మెలితే, అంటే నేటి మాల్టా, వరకు దూరం సుమారు 477 మైళ్లు. అలాంటి గాలికి అలాంటి ఓడ ఎంత వేగంతో కొట్టుకుపోతుందో లెక్కవేస్తే దాదాపు 13 రోజులు పడుతుందని తేలింది. లూకా రాసింది పద్నాలుగో రాత్రి అని. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత ఒక నావికుడు సరిచూసినా నిలబడిన లెక్క అది.

నాకు ఆ లెక్క కంటే ముఖ్యంగా కనిపించేది లూకా దాచని సంగతులు. రోజుల తరబడి సూర్యుడూ నక్షత్రాలూ కనిపించక, బతుకుతామన్న ఆశ పూర్తిగా పోయిందని ఆయన రాశాడు (27:20). ఆ మాటలో తనను మినహాయించుకోలేదు. పౌలుతో ఉన్నాం కాబట్టి మేము మాత్రం ధైర్యంగా ఉన్నామని రాయలేదు. అదే అధ్యాయంలో లంగరు వేసే నెపంతో చిన్న పడవ దించి పారిపోవాలని చూసిన నావికుల సంగతీ ఉంది. చివరికి ఓడ బద్దలైన సంగతీ ఉంది. ఇది అపజయం, దీన్ని రాస్తే సువార్తకు నష్టం అని ఆయన అనుకోలేదు.

మన దగ్గర ఆ ధైర్యం తగ్గిపోతోందని నా అభిప్రాయం. మన సంఘాల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది. డిసెంబర్ 31 రాత్రి కూడికలోనైతే వరుసలో నిలబడి మరీ చెబుతాం. ఆ సాక్ష్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. జబ్బు వచ్చింది, ప్రార్థించాం, పోయింది. అప్పు పడింది, ప్రార్థించాం, తీరింది. వాటిలో చాలావరకు నిజమే, వాటిని నేను కాదనడం లేదు. నా ప్రశ్న జబ్బు పోనివారి గురించి. వారు ఆ వరుసలో ఎందుకు కనిపించరు?

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక సోదరి లేచింది. కొడుకు తాగుడు మానాలని తొమ్మిదేళ్లుగా ఉపవాసం ఉంటున్నానని, వాడింకా మానలేదని, ఈ మధ్య ప్రార్థించడానికి నోరు రావడం లేదని చెప్పడం మొదలుపెట్టింది. వేదిక మీద కూర్చున్న నేను పాటలు పాడించే తమ్ముడికి సైగ చేశాను. ఆమె మాట పూర్తికాకుండానే పాట అందుకున్నారు. కూడిక చల్లబడిపోతుందని నా భయం. ఆ తర్వాత ఆమె సాక్ష్యానికి లేవడం మానేసింది. ఎలా ఉన్నారమ్మా అంటే దేవుని కృప అయ్యగారూ అని నవ్వేది. ఆ నవ్వుతో నా పని సులువైందని, సిగ్గుతో చెబుతున్నాను, నేను అప్పట్లో సంతోషించాను.

క్రౌహర్స్ట్ కథలో నన్ను కలవరపెట్టేది ఇదే. ఆయన అబద్ధమాడాడు, అది ఆయన తప్పే. అయితే ఒడ్డున ఉన్నవాళ్లందరూ ఆయన దగ్గరనుంచి ఒకే రకం తంతి కోసం ఎదురు చూశారు. డబ్బు పెట్టినవాడికి గెలుపు కావాలి, పత్రికకు రికార్డు కావాలి, ఊరికి ఊరేగింపు కావాలి. పడవ కారుతోంది, వెనక్కి వస్తున్నాను అన్న తంతికి చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ లేరు. మా సంఘంలో ఆ ఒడ్డు మీద కూర్చున్నది నేనే.

ఒక పెద్దాయన నాతో వాదించాడు. సాక్ష్యం ఇతరుల విశ్వాసం బలపడటానికి కదా, మన సందేహాలు చెబితే బలహీనులు తొట్రిల్లరా అని. ఆయన మాటలో నిజముంది. ప్రతి కారుడునూ మైకులో చెప్పాల్సిన పనిలేదు. నాక్స్-జాన్‌స్టన్ కూడా చెప్పలేదు, చెప్పడానికి ఆయనకు రేడియోనే లేదు. కాని ఆయన నీళ్లలోకి దిగి అతుకు వెతికాడు, పుస్తకంలో రాసుకున్నాడు. మైకులో చెప్పనక్కరలేదు సరే, కనీసం చెప్పుకోగల ఒక ఇల్లు, ఒక కాపరి, ఇద్దరు స్నేహితులు ఆ సోదరికి ఉండాలా వద్దా? ఆమెకు మేము ఆ చోటు కూడా లేకుండా చేశాం.

మంచి ఉదాహరణ మన దగ్గరిదే ఒకటి చెప్పాలి. 2017 సెప్టెంబర్ 10న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో భూమి చుట్టడానికి బయలుదేరారు. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకురాలు. ఆరుగురిలో ఇద్దరు తెలుగు అమ్మాయిలు, విశాఖపట్నం నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. న్యూజిలాండ్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల దాకా దాదాపు 40 రోజులు పసిఫిక్ మీదే గడిపారు, క్రిస్మస్, కొత్త సంవత్సరం అక్కడే. వణికించే చలి, పది మీటర్ల కెరటాలు. అంత శ్రమలోనూ వాతావరణం, కెరటాల వివరాలు ప్రతిరోజూ నమోదు చేసి పంపారు. వాతావరణ శాఖ అంచనాలకు అవి కావాలి, ఉన్నదున్నట్టు కావాలి.

అనుకున్న మజిలీలు నాలుగే. కాని కేప్‌టౌన్ దాటాక చుక్కాని తిప్పే ఏర్పాటు దెబ్బతింది. ఇల్లు దగ్గరపడిన సమయం, అందరూ ఎదురు చూస్తున్న సమయం. వాళ్లు దాచలేదు. 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లోని పోర్ట్ లూయిస్ రేవుకు పడవను తీసుకెళ్లి బాగుచేయించుకుని మళ్లీ బయలుదేరారు. ముందుగా అనుకోని ఐదో మజిలీ అది. లెక్కలో అలాగే చేరింది. 254 రోజుల తర్వాత మే 21న గోవా చేరినప్పుడు రక్షణ మంత్రి వచ్చి ఎదురుకొన్నారు. మారిషస్‌లో ఎందుకు ఆగారని ఎవరూ చిన్నచూపు చూడలేదు. ఆ ఆరుగురికీ ఒడ్డున నిజం వినే మనుషులు ఉన్నారు.

ఇక నా సంగతి. మా సంఘాన్ని ఆదుకునే వారికి ఏటా ఒక నివేదిక పంపాలి. అందులో ఆదివారం సగటు హాజరు అని ఒక గడి ఉంటుంది. చాలా ఏళ్లుగా నేను ఆ గడిలో క్రిస్మస్ నాటి హాజరుకు దగ్గరగా ఉండే అంకె వేస్తూ వచ్చాను. ఒకసారి వేశాక మరుసటి ఏడు తగ్గించడం కుదరదు, తగ్గిస్తే ఎందుకు తగ్గిందని అడుగుతారు. అలా ఏడాదికి నాలుగైదు పెంచుతూ 180 దాకా తెచ్చాను. అసలు లెక్క వేరే పుస్తకంలో ఉంది, కానుకల పుస్తకం పక్కన. కుర్చీలు ఎన్ని వేయాలో మా సంఘ సేవకుడికి తెలియాలి కదా.

ఈ నెలలో రెండు పనులు చేశాను. ఆ సోదరి ఇంటికి వెళ్లాను. అప్పుడు సైగ చేసింది నేనేనని చెప్పి క్షమించమన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడింది, నేను వినడమే. కొడుకు ఇంకా తాగుతున్నాడు. రెండోది, ఈ ఏటి నివేదిక నింపాను. ఆదివారం సగటు హాజరు 64 అని వేశాను. వెనక పుటలో, గడిచిన ఏళ్లలో నేను పంపిన అంకెలు సరైనవి కావని, ఎందుకు వేశానో కూడా రాశాను. రేపు పొద్దున తపాలాలో వేస్తాను. ఏం జవాబు వస్తుందో తెలియదు.